చెన్నైలో మిలిటరీ కెరీర్ మేళా: సాయానికి వచ్చే తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

త్రివిధ దళాల ఉద్యోగాల మీద మా కాలేజీలో అవగాహన మేళా పెట్టినప్పుడల్లా తెలుగు పిల్లల కోసం ఒక బల్ల విడిగా వేయాల్సి వస్తోంది. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట వైపు నుంచి తెల్లవారుజాము రైళ్లు పట్టుకుని మూర్ మార్కెట్ స్టేషన్‌లో దిగి, సర్టిఫికెట్ల ఫైలు చంకలో పెట్టుకుని నేరుగా మా గేటు దగ్గరికి వస్తారు. చాలామందికి తమిళం రాదు, ఇంగ్లిష్ మాట్లాడాలంటే జంకు. ఆ బల్ల వెనక నిలబడేది మీరే. నేను ఇక్కడ పాఠాలు చెబుతూ ఎన్‌సీసీ బాధ్యత కూడా చూస్తున్నాను. ఏటా వాలంటీర్లు నన్ను అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే కనుక ఒకచోట రాసి పెడుతున్నాను. మేళాకు ముందు రోజు రాత్రి ఒకసారి పూర్తిగా చదవండి.

ఆ రోజు ఎవరినైనా సెలెక్ట్ చేస్తారా?

చేయరు. ఇది రిక్రూట్‌మెంట్ ర్యాలీ కాదు. పరుగు ఉండదు, మెడికల్ ఉండదు, ఎవరి చేతికీ కాల్ లెటర్ రాదు. దళాల నుంచి వచ్చినవాళ్లు ఏయే దారుల్లో చేరవచ్చో చెబుతారు, ప్రశ్నలకు జవాబిస్తారు, అంతే.

ఈ ఒక్క మాట గేటు దగ్గరే స్పష్టంగా చెప్పడం మీ మొదటి పని. ఒక ఏడాది ఇద్దరు కుర్రాళ్లు రన్నింగ్ షూస్ వేసుకుని, ముందు రోజు రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చారు. పరుగు ఉంటుందని ఊళ్లో ఎవరో చెప్పారట. విషయం తెలిశాక వాళ్ల ముఖాలు చూడలేకపోయాను. ఆ ఏడాది నుంచే గేటు మీద తెలుగులో కూడా పెద్ద అక్షరాలతో బోర్డు కడుతున్నాం.

నాకు మిలిటరీ గురించి ఏమీ తెలియదు. అయినా రావచ్చా?

రండి. ఏమీ తెలియనివాళ్లే జాగ్రత్తగా పని చేస్తారు. సగం తెలిసినవాళ్లు సొంత కవిత్వం కలుపుతారు. ‘ఈ విషయం నాకు తెలియదు, తెలిసినవాళ్ల దగ్గరికి తీసుకెళ్తాను రండి’ అనడం వస్తే చాలు.

సైన్యంలో చేరమని నేను ఎవరికీ చెప్పలేను. నాలాంటివాళ్లకు చోటు ఉందా?

ఉంది. చేరమని చెప్పడం మీ పని కాదు, వద్దని చెప్పడమూ మీ పని కాదు. వచ్చిన పిల్లవాడు సరైన సమాచారంతో ఇంటికి వెళ్లి, ఇంట్లోవాళ్లతో కూర్చుని తానే నిర్ణయం తీసుకోవాలి. మన సాయం అక్కడితో ఆగాలి. మాట్లాడటం ఇష్టం లేకపోతే క్యూ చూడండి, మంచినీళ్ల దగ్గర నిలబడండి, పత్రాల జాబితాలు పంచండి. అసలే రాలేనంటే అదీ సరే. అటెండెన్స్‌కీ దీనికీ ఏ సంబంధమూ లేదు. ఎవరైనా అలా బెదిరిస్తే నాకు చెప్పండి.

గేటు దగ్గర మొదట ఏం అడగాలి?

‘ఏం చదివావు’ కాదు, ‘సొంత జిల్లా ఏది’ అని అడగండి. తర్వాత పుట్టిన తేదీ, ఆ తర్వాతే చదువు. ఆ కుర్రాడు ఏ దారిలో, ఎక్కడ అప్లై చేయాలన్నది ఈ మూడింటితో చాలావరకు తేలిపోతుంది.

సొంత జిల్లాకు అంత ప్రాధాన్యం ఎందుకు? చెన్నైలో చదువుతుంటే చెన్నైలో అప్లై చేయకూడదా?

మా బల్ల దగ్గర ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. ఆర్మీలో అగ్నివీర్ (అగ్నిపథ్ పథకం కింద నాలుగేళ్ల సర్వీసుకు చేరే సైనికుడు) నియామకాలు స్థానికతను బట్టి జరుగుతాయి. అభ్యర్థి ఏ జిల్లావాడైతే ఆ జిల్లాను చూసే ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు కిందే దరఖాస్తు పెట్టాలి. హాస్టల్ ఎక్కడుంది, కాలేజీ ఎక్కడుంది అన్నది లెక్కలోకి రాదు.

చెన్నై రిక్రూటింగ్ జోన్ ప్రధాన కార్యాలయం సెయింట్ జార్జ్ కోటలో ఉంది. తమిళనాడుతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, పుదుచ్చేరి, అండమాన్ నికోబార్ దాని కిందికి వస్తాయి. అందుకే మనవాళ్లు ‘మాది కూడా చెన్నై జోనే కదా’ అనుకుని చెన్నై ఆఫీసుకు అప్లై చేయబోతారు. జోన్ ఒకటే అయినా ఆఫీసులు వేరు. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు, కడప జిల్లాలవాళ్లు గుంటూరు ఆఫీసు కిందికి వస్తారు. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాలవాళ్లకు విశాఖపట్నం. తెలంగాణ అంతటికీ సికింద్రాబాద్. కొత్త జిల్లాలు ఏర్పడ్డాక చాలామంది తికమక పడుతున్నారు కాబట్టి నోటిఫికేషన్‌లో ఉన్న జిల్లాల పట్టిక ప్రింటు తీసి బల్ల మీద పెడుతున్నాం. నోటితో చెప్పకుండా పట్టికలో వేలు పెట్టి చూపించండి.

మరి రెండు తరాలుగా పెరంబూరులోనో వ్యాసర్‌పాడిలోనో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లల సంగతి? వాళ్లకు తమిళనాడు స్థానికత పత్రం ఉంటే వాళ్లు చెన్నై ఆఫీసు కిందివాళ్లే. ఇంట్లో మాట్లాడే భాషను ఎవరూ అడగరు, కాగితం మీద ఉన్న ఊరినే చూస్తారు.

పత్రాల విషయంలో మేం ఏం చూడాలి?

ఒరిజినల్స్ చేతిలోకి తీసుకోవద్దు. అభ్యర్థి తన ఫైలు తానే తెరిచి చూపిస్తే, మీరు జాబితాతో పోల్చి చెప్పండి. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, ఆధార్, నివాస ధ్రువపత్రం, కుల ధ్రువపత్రం, సర్పంచో స్కూలో ఇచ్చే ప్రవర్తన పత్రం మామూలుగా అడిగేవి.

అన్నిటికంటే ముఖ్యంగా పేర్లు చూడండి. టెన్త్ మెమోలో ఉన్న పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఆధార్‌లో కూడా అచ్చం అలాగే ఉన్నాయా? మన దగ్గర ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక, ఇంకోచోట పొడి అక్షరంగా ఉంటుంది. మా పిన్ని కొడుకుది ఉదయగిరి దగ్గర పల్లె. పరుగులో మొదటి వరుసలో వచ్చాడు. పత్రాల దగ్గర తండ్రి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉందని పక్కన నిలబెట్టారు. ఎనిమిదేళ్ల కిందట స్కూల్లో ఎవరో తొందరలో రాసిన ఒక్క అక్షరం! దాన్ని దిద్దించుకుని వచ్చేసరికి వయసు దాటిపోయింది. వాడు ఇప్పటికీ ఆ మెమోను బీరువాలో దాచి ఉంచాడు. అందుకే నేను ఈ విషయంలో ఇంత పట్టుబడతాను. తేడా కనబడితే ‘నోటిఫికేషన్ వచ్చేదాకా ఆగొద్దు, రేపే వెళ్లి సవరణకు పెట్టుకో’ అని చెప్పండి. ఆధార్ సవరణ ఆధార్ కేంద్రంలో, మెమో సవరణ చదివిన స్కూలు ద్వారా మొదలవుతుంది. రెండోది నెలలు పడుతుంది.

‘ఎంత కట్టాలి అన్నా?’ అని అడిగితే?

‘ఎవరికీ ఒక్క రూపాయి కట్టొద్దు’ అని గట్టిగానే చెప్పండి. ఆన్‌లైన్ దరఖాస్తులో కట్టే చిన్న పరీక్ష రుసుము తప్ప సైన్యంలో చేరడానికి ఏ ఖర్చూ లేదు. 2023 నుంచి ఆర్మీ అగ్నివీర్ భర్తీలో ముందు కంప్యూటర్ మీద రాత పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకే ర్యాలీ. రాత పరీక్ష, పరుగు మార్కులను బట్టి మెరిట్ తేలుతుంది, మెడికల్‌లోనూ నెగ్గాలి. మధ్యలో ఎవరో చెయ్యి పెట్టి పేరు పైకి జరిపే వీలు లేదు.

అయినా దళారీలు ఉన్నారు. వాళ్ల పద్ధతి తెలుసుకోండి. ఇరవై మంది దగ్గర డబ్బు తీసుకుంటారు. ఆ ఇరవైలో ఇద్దరు ముగ్గురు సొంత కష్టంతో ఎలాగూ సెలెక్ట్ అవుతారు. వాళ్ల డబ్బు ఉంచుకుని, మిగతావాళ్లను నెలల తరబడి తిప్పుతారు. అడ్వాన్సు ఇచ్చేదాకా ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటారు. ఒక రైతు నా ఎదుట కూర్చుని, పాడి గేదెలు రెండూ అమ్మి కట్టిన డబ్బు గురించి చెప్పాడు. కొడుకు అప్పటికి రాత పరీక్ష కూడా రాయలేదు.

మేళాలో అలాంటి మనిషి కనబడితే మీరు గొడవకు దిగొద్దు. ఎవరు, ఎక్కడ నిలబడ్డాడు అన్నది వెంటనే మాకు చెప్పండి, పోలీసులకు చెప్పే పని మేం చూసుకుంటాం. ఫోన్‌లో వచ్చే లింకుల గురించి కూడా హెచ్చరించండి. ఆర్మీ భర్తీ వెబ్‌సైట్ పేరు ‘జాయిన్ ఇండియన్ ఆర్మీ’, చివర ‘డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్’ అని ఉంటుంది. అలా లేని చోట ఆధార్ నంబరు కొట్టొద్దని చెప్పండి.

నాలుగేళ్ల ఉద్యోగం గురించి అడిగితే ఏం చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. ఇక్కడ తీపి మాటలు పనికిరావు, భయపెట్టడమూ పనికిరాదు.

అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్ 14న ప్రకటించారు. అగ్నివీర్‌గా చేరితే సర్వీసు నాలుగేళ్లు. ఆ తర్వాత ఒక్కో బ్యాచ్‌లో 25 శాతం వరకు రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు, మిగతావాళ్లు బయటికి వస్తారు. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయల ప్యాకేజీ. అందులో 30 శాతం, అంటే 9,000, నిధిలో జమ అవుతుంది. చేతికి వచ్చేది 21,000. నాలుగో ఏడాదికి ప్యాకేజీ 40,000, చేతికి 28,000. నిధిలో ప్రభుత్వం కూడా అంతే కలుపుతుంది. బయటికి వచ్చేనాటికి వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల రూపాయలు సేవానిధి కింద వస్తాయి, దాని మీద ఆదాయపు పన్ను లేదు. సర్వీసులో ఉన్నంతకాలం 48 లక్షల బీమా, అభ్యర్థి ప్రీమియం కట్టనక్కర్లేదు. నాలుగేళ్లకే బయటికి వచ్చేవాళ్లకు పెన్షన్, గ్రాట్యుటీ ఉండవు.

చివరి వాక్యం మింగేయకండి. ‘మా నాన్నకు మిలిటరీ పెన్షన్ వస్తోంది, నాకూ వస్తుంది’ అనుకుని వచ్చేవాళ్లు ఉంటారు. తాడేపల్లిగూడెం దగ్గరి మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో తాత, తండ్రి, కొడుకు వరసగా సైన్యంలో పనిచేసిన ఇళ్లు ఉన్నాయి. తాత రోజుల నియమాలు వేరు, ఇప్పటివి వేరు. అది మన దగ్గరే తెలియాలి. చేరాక తెలిస్తే ఆ పిల్లవాడికి మనం అన్యాయం చేసినట్టే.

‘నాలుగేళ్ల తర్వాత ఏం చేయాలి?’ అనే ప్రశ్నకు మీరు జవాబు చెప్పబోకండి. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో మాజీ అగ్నివీరులకు రిజర్వేషన్ ఇచ్చారు, దాని వివరాలు మారుతుంటాయి. స్టాల్లో ఉన్న అధికారి దగ్గరికి తీసుకెళ్లండి.

తల్లిదండ్రులు వస్తే ఎలా మాట్లాడాలి?

ముందు కుర్చీ వేయండి. నాన్నలు జీతం అడుగుతారు, అమ్మలు చాలాసేపు ఏమీ అడగరు. చివరికి వెళ్లబోతూ, ‘ఏం కాదు కదా నాయనా’ అంటారు. ఆ మాటకు ‘ఏం కాదమ్మా’ అని మాత్రం అనకండి.

2025 మే నెలలో నియంత్రణ రేఖ దగ్గర ప్రాణాలిచ్చిన అగ్నివీర్ మురళీ నాయక్‌ది శ్రీసత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లి తండా. 2020 జూన్‌లో గల్వాన్‌లో అమరుడైన కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేట. ఈ పేర్లు మన ఊళ్లలో అందరికీ తెలుసు, ఆ అమ్మకూ తెలుసు. తెలిసే అడుగుతోంది. ఆమెకు కావలసింది అబద్ధపు ఊరట కాదు, తన భయాన్ని ఎవరైనా గౌరవంగా వినడం. ‘నేను విద్యార్థినమ్మా, ఆ మాట నేను చెప్పలేను. ఇరవై ఏళ్లు చేసి వచ్చిన సుబేదార్ గారు ఇక్కడే ఉన్నారు, మీరు ఆయనతో మాట్లాడండి’ అనండి. పక్కన నిలబడి తెలుగులో చెప్పండి. ఆయనకూ ఇంట్లో ఒక అమ్మ ఎదురుచూసింది కాబట్టి ఆ సంభాషణ మనకంటే ఆయనే బాగా నడుపుతారు.

స్టాల్లో అధికారి హిందీలోనో ఇంగ్లిష్‌లోనో మాట్లాడితే నేను అనువాదం చేయాలా?

అవును, మా బల్ల ఉన్నదే దానికి. ఆయన చెప్పింది తగ్గించకుండా, పెంచకుండా చెప్పండి. ‘ఉండొచ్చు’ అన్నదాన్ని ‘ఉంటుంది’ అని మార్చకండి. కుర్రాడు అడిగిన ప్రశ్న మీకు చిన్నదనిపించినా అలాగే చేరవేయండి. నాయబ్ సుబేదార్, సుబేదార్ ర్యాంకుల్లో ఉన్నవాళ్లను ‘సాబ్’ అనడం అక్కడి మర్యాద. ‘సర్’ అన్నా తప్పు లేదు.

భాష గురించి పిల్లలకు ఉండే బెంగ తీర్చండి. అగ్నివీర్ రాత పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. వెల్లింగ్టన్‌లో కేంద్రం ఉన్న మద్రాస్ రెజిమెంట్ 1758 నాటిది. అందులో తెలుగు, తమిళ, కన్నడ, మలయాళ పిల్లలు కలిసే పనిచేస్తున్నారు. హిందీ చేరాక పట్టుబడుతుంది.

అమ్మాయిలు వచ్చి అడిగితే?

‘నీకెందుకమ్మా’ అన్న చూపు కూడా ఉండకూడదు. మన పక్కనే పరంగిమలైలో ఉన్న ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ 1963లో మొదలైంది. 1992 నుంచి అక్కడ మహిళా క్యాడెట్లు శిక్షణ పొంది అధికారులుగా వెళ్తున్నారు. నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) తలుపులు 2021లో సుప్రీంకోర్టు ఆదేశంతో తెరుచుకున్నాయి. తొలి మహిళా బ్యాచ్, 17 మంది, 2025 మేలో బయటికి వచ్చింది. ఆర్మీ మిలిటరీ పోలీసు విభాగంలో, నౌకాదళంలో అగ్నివీర్లుగానూ అమ్మాయిలు చేరుతున్నారు. అమ్మాయిల బల్ల దగ్గర అమ్మాయి వాలంటీరు తప్పనిసరిగా ఉండాలి. కొన్ని ప్రశ్నలు వాళ్లు అబ్బాయిల ముందు అడగలేరు.

ఆఫీసర్ కావాలంటే దారి ఏమిటని అడిగితే?

ఇంటర్ చదివేవాళ్లకు ఎన్‌డీఏ, డిగ్రీవాళ్లకు సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్ పరీక్ష), రెండూ యూపీఎస్సీ ఏడాదికి రెండుసార్లు నిర్వహిస్తుంది. వైమానిక దళానికి అఫ్‌క్యాట్ అనే ప్రవేశ పరీక్ష ఉంది. ఎన్‌డీఏలో ఆర్మీ విభాగానికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరిపోతుంది. నేవీ, ఎయిర్‌ఫోర్స్‌లకు లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి. సీఈసీ, హెచ్‌ఈసీ పిల్లలకు ఈ సంగతి తెలియక, తమకు చోటు లేదనుకుని వెళ్లిపోతుంటారు. వాళ్లను ఆపి మరీ చెప్పండి. ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లో మాత్రమే ఉంటుందన్నది కూడా చెప్పాలి. రాత పరీక్ష తర్వాత ఐదు రోజుల ఎస్‌ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ ఉంటుంది.

ఎత్తు కొలవడం, ఛాతీ కొలవడం మేం చేయవచ్చా?

వద్దు. మీ టేపు ఒక సెంటీమీటరు తప్పు చూపితే ఒక పిల్లవాడు ఆశ వదులుకుంటాడు. పచ్చబొట్ల గురించి మాత్రం అడగకపోయినా చెప్పండి. మోచేతి లోపలి నుంచి మణికట్టు దాకా, అరచేతి వెనక వైపు, ఈ రెండు చోట్ల తప్ప ఇంకెక్కడ శాశ్వత పచ్చబొట్టు ఉన్నా ఆర్మీలో తీసుకోరు. గిరిజనులకు వాళ్ల ఆచారం మేరకు మినహాయింపు ఉంది. జాతరలో సరదాగా పొడిపించుకోబోయే పిల్లలకు ఇది ముందే తెలియాలి. మెడికల్‌కు వెళ్లేముందు చెవుల్లో గుబిలి తీయించుకోవాలన్నది చిన్న విషయమే కానీ దాని వల్ల మళ్లీ తిరగాల్సి వస్తుంది.

ఫోన్ నంబర్లు రాసుకోవచ్చా? ఫొటోలు తీయవచ్చా?

రిజిస్టర్‌లో పేరు, జిల్లా, చదువు చాలు. నంబరు ఇష్టమైతేనే ఇస్తారు. ఆధార్ ఫొటో మీ ఫోన్‌లో తీయడం నిషేధం, ‘ఒక్క నిమిషం అన్నా’ అన్నా సరే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లు పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలి. వచ్చేవాళ్లలో పదిహేడేళ్లవాళ్లే ఎక్కువ. కోచింగ్ సెంటర్‌వాళ్లు వచ్చి రిజిస్టర్ చూస్తామంటే చూపించొద్దు. ఎవరైనా డబ్బిస్తామంటే ఆ మాట నా దాకా రావాలి. దళాల సిబ్బందిని, వాళ్ల వాహనాలను అనుమతి లేకుండా ఫొటో తీయకండి.

ఏ బట్టలు వేసుకోవాలి?

కాలేజీ టీషర్టు, మామూలు ప్యాంటు. ఎన్‌సీసీ క్యాడెట్లు నేను చెబితేనే యూనిఫాం వేసుకోవాలి. మిలిటరీ చారల బట్టలు ఎవరూ వేసుకోవద్దు, బజార్లో దొరికినా సరే. సైనికుడని నమ్మించడానికి ఆ దుస్తులు వేసుకోవడం నేరం కూడా.

సర్టిఫికెట్ ఇస్తారా? అది సెలక్షన్‌లో పనికొస్తుందా?

కాలేజీ తరఫున ఇస్తాం. సెలక్షన్‌లో దానికి విలువ లేదు. ఎన్‌సీసీ సర్టిఫికెట్‌కు మాత్రం అగ్నివీర్ భర్తీలో బోనస్ మార్కులున్నాయి. ‘సీ’ సర్టిఫికెట్ ఉన్న డిగ్రీవాళ్లకు రాత పరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి వెళ్లే ప్రత్యేక ప్రవేశం ఉంది.

భోజనం, ఎండ?

ఉదయం ఇడ్లీ పొంగలి, మధ్యాహ్నం సాంబారన్నం, పెరుగన్నం. రెండు గంటలకొకసారి డ్యూటీ మారుతుంది. చెన్నై ఉక్కపోతకు మజ్జిగ బిందెలు నాలుగు చోట్ల పెడతాం. కళ్లు తిరిగినట్టుంటే ఓర్చుకోకుండా కూర్చోండి.

వయసు దాటిపోయిన అబ్బాయి వస్తే ఏం చెప్పాలి?

ఏటా వస్తారు. రెండు మూడుసార్లు పరుగు తప్పినవాళ్లు, మెడికల్‌లో పోయినవాళ్లు, కరోనా కాలంలో ర్యాలీలు ఆగి వయసు మీరినవాళ్లు. ఇరవై మూడేళ్లకే తన బతుకు అయిపోయిందన్నట్టు మాట్లాడతారు. ఈ అబ్బాయికి అందరికంటే ఎక్కువ సమయం ఇవ్వండి. వెనక ఎంత క్యూ ఉన్నా సరే.

డిగ్రీ ఉందా అని అడగండి. ఉంటే ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి సీడీఎస్ ద్వారా వెళ్లే వయసు ఇంకా ఉండవచ్చు. బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ లాంటి దళాల కానిస్టేబుల్ పోస్టులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పరీక్ష ఉంది. వయసు మామూలుగా 18 నుంచి 23, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు సడలింపు. 2024 నుంచి ఆ పరీక్ష తెలుగులోనూ రాయవచ్చు. మగపిల్లలు ఐదు కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తాలి. ఆర్మీ పెట్టే 1.6 కిలోమీటర్ల పరుగు కోసం ఏళ్లుగా పొద్దున్నే లేచి పరుగెత్తిన కాళ్లు అవి, కొత్తగా మొదలుపెట్టేవాడికంటే ముందే ఉంటాడు. రాష్ట్ర పోలీసు నోటిఫికేషన్లూ ఉన్నాయి.

ఇవన్నీ ఒక కాగితం మీద తెలుగులో అచ్చు వేయించి బల్ల సొరుగులో పెట్టాం. అడిగేదాకా ఆగకుండా తీసి ఇవ్వండి. అతని పుట్టిన తేదీ పక్కన పెట్టుకుని, ఏది ఇంకా తెరిచి ఉందో దాని చుట్టూ పెన్నుతో సున్నా చుట్టండి. సాయంత్రం రైలు టైము కనుక్కుని, తిన్నాడో లేదో అడిగి పంపండి.